రైలు గేటు దగ్గర మా మావ

మా మావ పోయాడు. మా అమ్మకి తమ్ముడు. భావనపాడు నుంచి టెక్కలి దాకా మోపెడ్ మీద చేపలు తీసుకెళ్ళి అమ్ముకునేవాడు. రైలు గేటు పడి ఉంటే లారీ వెనకాల, రోడ్డుకి ఎడం పక్కన, బండికి స్టాండు వేసి నిలబడ్డాడు. ముందుకి దూరిపోదామని వచ్చిన ఒక మోటారు సైకిలు ఆయన్ని కొట్టేసింది. సాయంత్రం దెబ్బ తగిలితే తెల్లారేసరికి ప్రాణం పోయింది.

ఈ కబురు చెప్పినప్పుడల్లా జనం మొదట అడిగే మాట ఒకటే. "స్పీడుగా వెళ్తున్నాడా?" లేదండీ, ఆగి ఉన్నాడు. "రాంగు సైడా?" కాదండీ, తన పక్కనే, తన వరసలోనే ఉన్నాడు.  ఆ తర్వాత అయ్యో అని ఊరుకుంటారు. ఊరుకోనివాడు మా తమ్ముడొక్కడే. ఆసుపత్రి వరండాలో గోడకి ఆనుకుని, అక్కనైన నన్ను అడిగాడు. "మరైతే ఆ వరస ఏటికి పనికొచ్చినాదప్పా?"

నేను పిల్లలకి లెక్కలు చెప్పే మనిషిని. జవాబు రాకపోతే నాకు ఏడుపు కంటే ముందు కోపం వస్తుంది. ఆ రోజు వాడికి జవాబు చెప్పలేకపోయాను. అది ఉత్తుత్తి ప్రశ్న కాదని మాత్రం తెలుసు. మా తమ్ముడిదీ బండి మీద బతుకే. టెక్కలి చుట్టుపక్కల ఇళ్ళకి పార్సిళ్ళు అందిస్తాడు. సందు కనిపిస్తే దూరతాడు, కనిపించకపోతే చేసుకుని దూరతాడు. ఆ ప్రశ్నకి వాడు ఏ జవాబు నమ్ముతాడో, రేపటి నుంచి బండి అలాగే నడుపుతాడు. మా ఇంట్లో ఒక చావు అయిపోయింది. రెండోది ఎక్కడ కాచుకుని ఉందోనని నాకు భయం.

మావ గురించి చెప్పాలంటే ముందు సముద్రం గురించి చెప్పాలి. మా ఊళ్ళో మగాళ్ళు రెండు రకాలు. ఇక్కడి నీళ్ళలోనే వేటకి పోయేవాళ్ళు కొందరు. గుజరాత్ బోట్ల మీద పనికి పోయి ఏడాదిలో ముప్పాతిక భాగం అక్కడే ఉండిపోయేవాళ్ళు కొందరు. మా నాన్న రెండో రకం. మావ ఈ రెండూ కాదు. ఆయనకి సముద్రం పడదు. బోటు ఎక్కి కెరటాలు దాటకముందే కడుపులో ఉన్నదంతా కక్కేసేవాడట. మా ఊళ్ళో మగాడికి ఇంతకంటే నామర్దా లేదు. ఆయన మాత్రం ఎప్పుడూ చిన్నబుచ్చుకున్నట్టు కనిపించలేదు. "గంగమ్మ తల్లి నన్నొద్దన్నాది. రోడ్డు తల్లి రమ్మన్నాది. ఎవులు పిలిస్తే ఆళ్ళింటికే గదా ఎల్తాం," అనేవాడు.

అలా ఒడ్డున మిగిలిపోవడంతో, నాన్న లేని నెలల్లో మాకు పెద్ద దిక్కు ఆయనే అయ్యాడు. జ్వరమొస్తే ఆసుపత్రికీ, వాన పడితే బడికీ ఆయన బండే. బండి వెనక అడ్డంగా ఒక పలక కట్టి, దానికి రెండు వైపులా రెండు ఐసు పెట్టెలు వేలాడదీసేవాడు. ఆ పెట్టెల మధ్య పలక మీద గోనెసంచి మడిచి వేసి, నన్ను కూర్చోబెట్టేవాడు. బళ్ళో పిల్లలు ముక్కు మూసుకునేవాళ్ళు. నేను వాళ్ళని కొట్టేదాన్ని. సాయంత్రం ఫిర్యాదు మావ దగ్గరికి వెళ్ళేది. ఆయన నా మొహం చూసి, నా గౌను వాసన చూసి, "కంపు కొడతన్నావు గుంటా, ఆళ్ళు సెప్పింది నిజమే. కొట్టడం మాత్రం తప్పే," అనేవాడు.

నాకు నలభై దాటినా ఆయనకి నేను గుంటనే, చిన్నపిల్లనే. మా హెడ్మాస్టరు గారి ఎదురుగా కూడా.

ఆయన హెల్మెట్ గురించి చెప్పాలి. ఎప్పుడో తెల్ల రంగుది. చేపలు తూచిన చేత్తోనే తీసి పెట్టుకునేవాడు కాబట్టి దాని నిండా పొలుసులు అంటుకుని ఎండిపోయేవి. ఎండలో దూరం నుంచి చూస్తే తళుక్కుమనేది. మా బడి పిల్లలు కిటికీలోంచి చూసి, "టీచర్, మీ మావయ్య గారి కిరీటం వెళ్తోంది," అనేవాళ్ళు. కడుక్కోవచ్చు కదా మావా అంటే, "కడిగితే సేపలోడినని ఎలా తెలస్తాది? ఇది నా బోర్డు," అన్నాడు.

ఇక గేటు. మా ఊరి నుంచి టెక్కలి పోయే దారిలో ఉప్పుమళ్ళు దాటాక వస్తుంది. ఈ లైను మీద రైళ్ళకి లోటు లేదు. గేటు పడిందంటే ఒక రైలుతో లేవదు. ఇటు నుంచి ఒకటి, అటు నుంచి ఒకటి, ఆ తర్వాత తీరుబడిగా ఒక గూడ్సు. గేటు పడగానే ఏమవుతుందో మీలో బండి నడిపే ప్రతివాళ్ళకీ తెలుసు. లారీలు, బస్సులు, ఆటోలు ఒకదాని వెనక ఒకటి ఆగుతాయి. మోటారు సైకిళ్ళు ఆగవు. లారీకీ ఆటోకీ మధ్య నుంచీ, బస్సుకీ రోడ్డు అంచుకీ మధ్య నుంచీ, కాళ్ళతో దేకుతూ, మోచేతులు దగ్గరికి ముడుచుకుంటూ దూరి దూరి గేటు కర్ర దాకా చేరతాయి. ఎడం పక్క నిండిపోతే కుడి పక్కకి పోతాయి. కుడి పక్కంటే ఎదుటివాళ్ళ దారి. పట్టాల అవతలి వాళ్ళూ అదే పని చేస్తారు. రైళ్ళన్నీ పోయి గేటు లేచేసరికి ఇటు రోడ్డంతా బళ్ళు, అటు రోడ్డంతా బళ్ళు. ఇరుకు వీధిలో రెండు పెళ్ళి ఊరేగింపులు ఎదురుపడ్డట్టు, ఎవరూ వెనక్కి తగ్గరు. పట్టాల మధ్యలో హారన్లు, తిట్లు.

మావ వెనకాల ఉండేవాడు. ఆఖరి లారీ వెనక ఆగి, ఇంజను ఆపేసి, స్టాండు వేసేవాడు. హెల్మెట్ తీసి అద్దానికి తగిలించేవాడు. తువ్వాలుతో మొహం, మెడ తుడుచుకుని, పెట్టె మూత కొంచెం ఎత్తి ఐసు చూసుకునేవాడు. ముందు గొడవ వినిపిస్తే లారీ డ్రైవరుతో, "అదుగో, బేగి ఎల్దామనుకున్నోళ్ళు అక్కడే ఉండిపోనారు," అనేవాడు.

ఆ ముందు గుంపులో నేనూ ఉండేదాన్ని. బడి గంట నా కోసం ఆగదు కదా. మర్నాడు ఇంటి దగ్గర కనిపిస్తే, "నిన్న నా పక్కనించి ఏదో ఎల్నాది. మడిసి కనపడ్లేదు, కొంగు కనపడ్నాది. దోపుకోవే, సక్రంలో పడతాది," అని ఊరుకునేవాడు. దూరొద్దని నన్నెప్పుడూ అనలేదు. కొంగు మాత్రం దోపుకోమన్నాడు.

ఆయన్ని మరీ దేవుణ్ణి చేసేస్తున్నానేమో. చెయ్యను. వరసలో నిలబడితే ఆయనకి గిట్టుబాటు కూడా అయ్యేది. బస్సు ఆగిపోయిందంటే అందులో ఆడవాళ్ళు కిటికీలోంచి, "నెత్తళ్ళున్నాయా?" అని కేకేసేవాళ్ళు. సగం పెట్టె అక్కడే ఖాళీ అయిన రోజులున్నాయి. "ఇది రూలు కాదు మావా, బేరం," అని నేను ఏడిపిస్తే, "బేరం దొరికే రూలైతే మరీ మంచిది గదా," అని నవ్వేవాడు. బస్సు రాని రోజు, ఎండ మండిపోయే రోజు ఐసు కరిగిపోయేది. మిగతా చేపల బళ్ళన్నీ సందుల్లోంచి దూరి టెక్కలి చేరిపోయేవి. ఈయన వెళ్ళేసరికి కొనేవాళ్ళు కొనేసి ఇంటికి పోయేవాళ్ళు. ఆ రోజుల్లో మెత్తబడ్డ కానాగంత చేపలు మా అత్త ఉప్పు పెట్టి ఎండేసేది. ఎండేస్తూ తిట్టేది. ఆయన పక్కన కూర్చుని చేపలు అందిస్తూ తిట్లు తినేవాడు.

హెల్మెట్ విషయంలో మాత్రం నేనే తిట్టేదాన్ని. "ఎందుకు తీస్తావు? అన్ని రూళ్ళూ పాటిస్తావు, ఇదొక్కటీ పట్టదా?" అంటే, "బండి నడిస్తే టోపీ. ఆగితే గాలి. ఆగిన బండికి టోపీ ఏటికే?" అనేవాడు. ఆయన లెక్కలో ఆగడం అంటే క్షేమం. ఆగిన మనిషిని ఎవరైనా కొడతారని ఆయనకి తట్టనే లేదు.

నాకు బండి నేర్పింది కూడా మావే. ఉద్యోగం వచ్చిన కొత్తలో స్కూటరు కొనుక్కుని, నేర్పమని వెంటపడ్డాను. సరుగుడు తోటల దగ్గరికి తీసుకెళ్ళాడు. నేర్పే ముందు నా కొత్త స్కూటరు వెనక ఒక పలక అడ్డంగా కట్టి, దానికి రెండు ఖాళీ పెట్టెలు వేలాడదీశాడు. నేను చేపలు అమ్మను కదా, ఇవెందుకు అంటే వినలేదు. చెట్ల వరసల మధ్య నుంచి నడపమన్నాడు. హేండిల్ చక్కగా దూరింది. నేను గర్వంగా ముందుకి పోయాను. వెనక ఎడం పెట్టె చెట్టుకి తగిలి, బండి గిర్రున తిరిగి ఇసకలో పడ్డాం, నేనూ బండీ. ఆయన చేయి అందించి లేపాడు. "హేండిల్ దూరినాదని బండి దూరినట్టు కాదు గుంటా. ముందు దూరినోడికి ఎనకనున్న ఒళ్ళు గురుతుండాల."

చేపల బళ్ళవాళ్ళు చేసే పొరపాటే అది. సందు కళ్ళతో చూస్తారు, హేండిల్‌తో కొలుస్తారు. వెనక పెట్టె సంగతి మరిచిపోతారు. ఆ పెట్టె ఎవరి మోకాలికో, ఏ సైకిలుకో తగులుతుంది. వాళ్ళు వెనక పడిపోతారు. ముందు వెళ్ళేవాడికి ఆ సంగతే తెలియదు. మావకి మాత్రం ఆ వెడల్పు ఒంట్లోకి ఇంకిపోయింది. ఒకసారి టెక్కలిలో పెళ్ళికి వెళ్తున్నాం. పెట్టెలు విప్పేశాడు. తెల్లచొక్కా వేసుకున్నాడు. వెనక నేను పట్టుచీరతో కూర్చున్నాను. బజారులో రెండు ఆటోల మధ్య ఎడ్లబండి పట్టేంత ఖాళీ ఉంది. ఆయన ఆగిపోయాడు. వెనక వాళ్ళు హారన్లు కొడుతున్నారు. "మావా, పెట్టెలు లేవు కదా, ఎల్లు," అన్నాను. వెనక్కి తిరిగి చూసుకున్నాడు. "అవునే, లేవు గదా," అని తనకి తనే నవ్వుకున్నాడు. అయినా కదల్లేదు. "పెట్టె ఇరిగితే కొత్తది కొంటాను. నీ మోకాలు ఇరిగితే మీ అమ్మకేటి సెప్పను?" ఆటోలు కదిలే దాకా అలాగే ఉన్నాం. తలంబ్రాలు అయిపోయాక చేరాం. భోజనాలకి మాత్రం అందుకున్నాం.

ఇంత పట్టింపు ఉన్న మనిషికి వెనకాల ఏదో కథ ఉండాలని అందరూ అనుకునేవాళ్ళు. వయసులో ఎవరినో గుద్దేసి ఉంటాడనీ, ఆ మనిషి చచ్చిపోయి ఉంటాడనీ. మా స్టాఫ్‌రూములో కూడా ఒక మేడం నమ్మకంగా చెప్పింది. నేను ఉండబట్టలేక ఒక రోజు అడిగేశాను. మావ అప్పుడు పెట్టెలు కడుగుతున్నాడు.

"మావా, ఎప్పుడైనా ఏటైనా అయిందా? రోడ్డు మీద?"

"ఏటీ అవలేదు."

"మరైతే ఎందుకిలా ఆగిపోతావు?"

"ఏటీ అవకూడదనే." పెట్టె బోర్లించి నీళ్ళు ఒంపేసి నా వైపు చూశాడు. "పెతీ రూలుకీ ఎనక ఒక సవం ఉండాలేటే?"

ఆ మాటకి నేను నవ్వాను. ఇప్పుడు తలుచుకుంటే నవ్వు రాదు. మొన్నటిదాకా ఆయన రూలు వెనక శవం లేదు. ఇప్పుడుంది. అది ఆయనదే.

తమ్ముడికీ ఆయనకీ ఈ విషయంలో ఎప్పుడూ చుక్కెదురే. వాడికీ ఆయనే నేర్పాడు, అదే తోటలో, అవే పెట్టెలతో. వాడు మొదటిసారే ఒక్క చెట్టుకీ తగలకుండా బయటికి వచ్చేశాడు. అదే వాడి ఖర్మ. పడలేదు కాబట్టి పడతానన్న సంగతి తెలియలేదు. పార్సిళ్ళ పనిలో చేరాక వీపున పెద్ద సంచీ, సీటు మీద ఇంకో సంచీ. ఫోనులో టైము పరిగెడుతూ ఉంటుంది. గేటు దగ్గర మావ పక్కనుంచి దూసుకుపోతూ, "మావా, నీ బండికి ఏర్లు దిగిపోతన్నాయి సూసుకో," అని అరిచేవాడు. మావ తల ఊపేవాడు. సాయంత్రం ఇంటికి వచ్చి ఒక్కటే మాట అనేవాడు. "మొగలో వరస తప్పినోడు మునగడురా. పక్కోడిని ముంచుతాడు."

మొగ అంటే మా ఊరి ఏరు సముద్రంలో కలిసే చోటు. వేట నుంచి వచ్చే బోట్లన్నీ ఆ ఇరుకు నోట్లోంచే లోపలికి రావాలి. అక్కడ కెరటం ఎటు విరుగుతుందో తెలియదు. అందుకని ఎంత గాలి ఉన్నా, ఎంత తొందరున్నా, ముందొచ్చిన బోటు ముందు, ఒకటి దాటాకే ఇంకొకటి. రాసి పెట్టుకున్న కట్టడి కాదు గానీ ఎవరూ దాటరు. సముద్రం పడని మనిషి ఆ సముద్రం నుంచి తెచ్చుకున్నది ఆ ఒక్క మాటే. తమ్ముడు దాన్నీ ఎగతాళి చేసేవాడు. "రోడ్డు మీద మొగ ఎక్కడున్నాది మావా?"

ఆ సాయంత్రం ఉప్పు లారీ వెనక ఆగి ఉన్నాడు. ఇంజను ఆపాడు, స్టాండు వేశాడు, హెల్మెట్ అద్దానికి తగిలించాడు. ఇదంతా ఆ లారీ డ్రైవరు చెప్పాడు. తువ్వాలు కోసం చెయ్యి చాపాడట. వెనక నుంచి వచ్చిన కుర్రాడు లారీకీ రోడ్డు అంచుకీ మధ్యన సందు చూసుకున్నాడు. వాడి హేండిల్ దూరింది. వాడి వెనక గ్యాసు సిలిండరు కట్టి ఉంది. అది మావ పెట్టెకి కొక్కెంలా తగులుకుంది. రెండు బళ్ళూ పడ్డాయి. మావ తల రోడ్డు అంచున రాయికి తగిలింది. హెల్మెట్ మాత్రం అద్దానికే ఉంది. దానికి గీత కూడా పడలేదు.

ఆసుపత్రి గుమ్మంలో ఆ కుర్రాడు ఏడుస్తూ నిలబడ్డాడు. పారిపోలేదు. మా తమ్ముడు వెళ్ళి వాడి చొక్కా పట్టుకున్నాడు. చెయ్యెత్తాడు. నేను పరిగెత్తుకెళ్ళేలోపే ఆ చెయ్యి దించేసి, చొక్కా వదిలేసి, వరండాలోకి వచ్చేశాడు. కొట్టలేదేం అని నేను అడగలేదు. వాడే చెప్పాడు. "ఆ సందు నాకు తెలుసప్పా. నానైనా అక్కడినించే ఎల్దును." ఆ తర్వాతే గోడకి ఆనుకుని ఆ ప్రశ్న అడిగాడు. వరస ఏటికి పనికొచ్చినాదని.

మావ పోయిన తర్వాత రోజుల్లో తమ్ముడు బండి నడిపే తీరు మారింది. అంతకుముందు వాడిది తొందర. ఇప్పుడు కసి. "ఆగినోడే పోనాడు. ఎల్లినోడికేటైనాది?" అని అమ్మ మీద విసుక్కుని బండి తీసేవాడు. అమ్మ గుమ్మంలో నిలబడి బండి చప్పుడు వినిపించినంత సేపూ అక్కడే ఉండేది. అత్త మావ బండి వైపు చూసేది కాదు. హెల్మెట్ మాత్రం పెరట్లో దండెం కర్రకి తగిలించింది. ఎవరో కడుగుతామంటే, "పొలుసులు ఉంచండి," అంది. మా ఇంట్లో ఎవరి ఏడుపు వాళ్ళు ఏడుస్తున్నాం. నేను వంట చేస్తూ ఏడ్చేదాన్ని. ఉల్లిపాయల వంక పెట్టలేదు. ఎవరడిగినా మావ కోసమే అని చెప్పాను.

నాన్న గుజరాత్ నుంచి వచ్చేసరికి దహనం అయిపోయింది. రైలు దిగి, సంచీ భుజానే ఉంచుకుని, మా ఇంటి పక్కనే ఉన్న మావ ఇంటికి వెళ్ళి ఖాళీ మంచం మీద కూర్చున్నాడు. మా నాన్న పెద్దగా మాట్లాడడు. బోటు చప్పుడులో బతికినవాళ్ళకి ఇంట్లో మాటలు తక్కువ. తమ్ముడు వాకిట్లో పార్సిళ్ళ సంచీ బిగించుకుంటున్నాడు. నాన్న వాడి వైపు చూడకుండానే మొదలుపెట్టాడు.

"నాను గుజరాత్ ఎల్లకముందు, మీ మావ నాతో ఏటకి వచ్చింది ఒక్క ఏడాదేరా. ఒకనాడు పొద్దున్న గాలి లెగిసినాది. మొగ కాడ బోట్లు వరస కట్టినాయి. మన ముందు సానా ఉన్నాయి. మీ మావ బోటడుగున పడి కక్కుతన్నాడు. నా కాలు పట్టుకున్నాడు. 'బావా, పక్కన సందున్నాది, దూర్సెయ్యి, సచ్చిపోతన్నాను' అన్నాడు. నన్ను తిట్టని తిట్టు నేదు."

మావ అలా బతిమాలాడంటే మాకు నమ్మబుద్ధి కాలేదు. తమ్ముడు సంచీ బిగించడం ఆపాడు.

"సందు నాకూ కనపడ్నాది. నాను దూర్సనేదు. మన ఎనక బోటు దూరిపోనాది. దానికేటీ అవలేదు, ఒడ్డెక్కిపోనాది. అది లేపిన కెరటానికి ముందున్న తెప్ప బోర్లాపడ్నాది. మడుసుల్ని లాగేసినాం, ఎవులూ పోలేదు. తెప్ప ముక్కలైపోనాది. మీ మావ అది సూసినాడు. ఒడ్డుకొచ్చినాక ఒకటే మాటన్నాడు. 'నువ్వు నా మాటిని ఉంటే ఆ తెప్పని మనమే ముంచుదుము గదా బావా' అని."

అప్పుడు తమ్ముడి వైపు చూశాడు. "వరస మనల్ని కాపాడతాదని ఎవులు సెప్పినార్రా నీకు? మనవల్ల ఇంకోడు పోకుండా సూస్తాది. అంతే. ఆడి వల్ల ఎవులూ పోలేదు." ఆ ఆఖరి మాట అంటూ నాన్న తువ్వాలుతో కళ్ళు తుడుచుకున్నాడు. నాన్న ఏడవడం నేను అదే మొదటిసారి చూడటం.

 తమ్ముడు సంచీ భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. బండి మామూలుగానే వెళ్ళిందో, కసిగా వెళ్ళిందో చప్పుడును బట్టి నాకు తెలియలేదు.

ఒక సంగతి దాచకుండా చెప్పాలి. నాన్న చెప్పిన జవాబు సరైనదే కావచ్చు, నాకది చాలదు. తన వల్ల ఎవరికీ కీడు జరగకుండా బతికిన మనిషికి ఇంకొకరి వల్ల కీడు జరగకూడదు. ఇది నా లెక్క. లోకం ఈ లెక్కతో నడవదని నాకు తెలుసు. తెలిసినా కోపం పోవడం లేదు. మావ ఉంటే, "కంపు కొడతన్నావు గుంటా, కోపం కడుక్కుని రా," అనేవాడు. ఆ మాట కోసమైనా ఆయన ఉండాల్సింది.

మావ పెద్దకార్యం అయ్యాక మళ్ళీ బడికి బయల్దేరాను. ఉప్పుమళ్ళు దాటేసరికి గేటు పడే ఉంది. అలవాటు ప్రకారం ముందు గుంపులో తమ్ముడి సంచీ కోసం వెతికాను. ఎర్ర సంచీ, దూరం నుంచే కనిపిస్తుంది. ముందు బళ్ళ మధ్య లేదు. కుడి పక్క, ఎదుటివాళ్ళ దారిలో కూడా లేదు.  పోలీసులో, జనం మూగడమో ఎక్కడైనా కనిపిస్తుందేమోనని చూశాను.

ఆఖరి లారీ వెనక ఉన్నాడు. ఎడం పక్కన, ఇంజను ఆపేసి, స్టాండు వేసి. వాడికీ రోడ్డు అంచుకీ మధ్య ఒక పెట్టె పట్టేంత జాగా వదిలాడు. ఆ జాగాలోంచి బళ్ళు ఒకటొకటిగా ముందుకి పోతున్నాయి. పోతూ పోతూ ఒకడు, "ఏటిరా, బండి ఆగిపోనాదేటి?" అని నవ్వాడు. తమ్ముడు తల ఊపాడు, మావ ఊపినట్టే.

నేను వాడి వెనక స్కూటరు ఆపాను. కొంగు దోపుకునే ఉన్నాను. వాడు అద్దంలో నన్ను చూశాడు.  ఒక రైలు పోయింది. గేటు లేవలేదు. ఉప్పుమళ్ళ మీద నుంచి వేడిగాలి కొడుతోంది. లారీ డ్రైవరు తలుపు తీసి కిందికి చూశాడు. మావని ఎరిగిన మనిషే. "ఒరే, ఆగున్న బండే గదా. ఉడికిపోతావు, టోపీ తియ్యి," అన్నాడు.

తమ్ముడు తల అడ్డంగా ఊపి, గడ్డం కింద పట్టీ ఇంకొంచెం బిగించుకున్నాడు. అప్పుడు చూశాను వాడి తల మీదున్నదేమిటో. ఇంకో రైలు వస్తున్న చప్పుడు మొదలైంది. ఎండలో పొలుసులు తళుక్కుమంటున్నాయి.